ఒక్క అక్షరం తేడా

“ఇంకా ఏం వెతుకుతారు వదినా? గుండె ఆగి పోయాడాయన. ఆగిపోయిన గుండె ఈ గదిలో దొరకదు.”

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. లోపల తనకు పనేమీ లేదని అతని నమ్మకం. అతని వదిన, అంటే అతని భార్యకు అక్క, వాలుకుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బల్ల అంచు మీద వేలు రాసి ఆ వేలినే చూసుకుంటోంది.

ఆమెను పోలీసులంతా జల్లెడ అంటారు. ఎంత పొట్టు పోసినా రాయిని మాత్రం కిందికి వదలదని. ఆమె పోలీసు కాదు, సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటుంది. ఈ కేసు ఆమెకు అప్పగించింది చనిపోయినాయన భార్య.

చనిపోయినాయనది అద్దాల వర్క్‌షాపు. కింద గాజు పలకలు కోస్తారు, అంచులు అరగదీస్తారు. పైన ఈ ఆఫీసు గది. రోజూ భోజనం కాగానే ఈ కుర్చీలో ఒక కునుకు తీసేవాడు. మొన్న తీసిన కునుకు నుంచి లేవలేదు. పోస్టుమార్టంలో గుండెకు ఏ లోపమూ కనబడలేదు. రక్తంలో విషం లేదు. ఒంటి మీద గీత లేదు.

“వాళ్ళది వంశపారంపర్యంగా వచ్చే గుండె జబ్బు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “వీళ్ళ నాన్న కూడా వయసులో ఉండగానే ఈత పందెంలో ఈదుతూ ఈదుతూ పోయాడు. ఊరంతా ఎరిగిన సంగతి. సాయంత్రం ఫైలు మూసేస్తున్నాను.”

“మూసెయ్యండి మరిదిగారూ. మూసే ముందు ఆ ఫోనొకసారి చూడండి.”

“ఏ ఫోను?”

“కళ్ళ ముందున్నదే.”

కుర్చీకి తల ఆనించే వైపు, గోడకు, పాతకాలపు ఇంటర్‌కమ్ ఫోను ఉంది. మూత తీస్తే లోపల రెండు చిన్న ఇత్తడి గిన్నెలు, వాటి మధ్య ఊగే చిన్న సుత్తి. గిన్నెలకూ సుత్తికీ మధ్య దూది కూరి ఉంది. ఫోను పక్కన ఎర్ర బల్బు బిగించారు. కింద నుంచి ఫోన్ చేస్తే గంట మోగదు, బల్బు వెలుగుతుంది.

“కునుక్కి అడ్డం రాకుండా పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకునేవాణ్ణి, మీ చెల్లెలు ఒప్పుకుంటే.”

“దూది పెట్టి ఎన్నాళ్ళయింది?”

“నెలలైందట.”

జల్లెడ తన వేలు అతనికి చూపించింది. వేలి నిండా మెరిసే బూడిదరంగు పొడి. “ఈ గదిలో అన్నిటి మీదా గాజు పొడి ఉంది. ఫోను మూత మీద ఉంది, గిన్నెల మీద ఉంది, తీగ మీద ఉంది. దూది మాత్రం ఇవాళే పొట్లం విప్పినంత తెల్లగా ఉంది. పాత దూది ఎటు పోయింది?”

ఇన్‌స్పెక్టర్ అప్పుడు గుమ్మం దాటాడు. దూదిని చూశాడు, వేలిని చూశాడు. కానీ ఒప్పుకోవడం అతని ఒంట్లో లేదు.

“సరే. ఎవరో దూది తీసి మళ్ళీ పెట్టారు. అయితే ఏమిటి? మధ్యలో ఫోను మోగింది. ఫోను మోగితే మనిషి చస్తాడా? అలాగైతే మా స్టేషన్లో ఒక్కడూ మిగలడు.”

“అదే తెలియాలి,” అంటూ ఆమె మోకాళ్ళు దులుపుకుని లేచింది. “ఈ లైను ఎక్కడికి పోతుంది?”

“కిందికి. చనిపోయినాయన తమ్ముడి బల్ల మీదికి.”

*

తమ్ముడు గాజు పలకను వెలుతురుకెత్తి చూస్తున్నాడు. వీళ్ళను చూసి జాగ్రత్తగా దింపాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, సన్నగా ఉన్నాడు. వేళ్ళ నిండా పాత గాట్లు.

“ఫోన్ చేసింది నేనేనండీ,” అన్నాడు అడగ్గానే. “ఒక ఆర్డరు సంగతి అడుగుదామని. లైటు వెలిగితే ఎత్తుతాడు. ఎత్తలేదు. పైకెళ్ళి చూశాను. అప్పటికే…”

“పైకి మీరొక్కరే వెళ్ళారా?”

“ఒక్కణ్ణే. చూసి కేకేశాను. అందరూ వచ్చారు.”

“వెళ్ళిన వెంటనే కేకేశారా?”

అతను తడబడ్డాడు. “ముందు లేపి చూశాను కదండీ. అన్నయ్య కదా.”

“గంట మోగడం కింద ఎవరికైనా వినబడిందా?”

“మోగితే కదా వినబడేది! దూది ఉందిగా. అయినా అరగదీసే యంత్రం తిరుగుతుంటే పక్కవాడి మాటే వినబడదు మాకు.”

“మీ అన్నయ్యకు జబ్బుందని తెలుసా?”

“ఇద్దరికీ ఉందండీ. పోయినేడు ఇద్దరం ఒకే రోజు పరీక్షకి రక్తం ఇచ్చాం. మా నాన్న నుంచి వచ్చింది. మా వంశానికి నీళ్ళే గండం. నేను స్నానానికి కూడా బకెట్టు దాటను.” నవ్వబోయి ఆగాడు. “పరుగెత్తకూడదు, బరువులెత్తకూడదు, ఈత అసలే కూడదు అన్నాడు డాక్టరు. అన్నయ్యకీ అదే చెప్పి ఉంటాడు. మేం ఆ మాట ఎప్పుడూ మాట్లాడుకోలేదు.”

“వర్క్‌షాపు మూసేసి కుటుంబంతో వేరే ఊరు వెళ్ళిపోవాలని ఆయన అనుకున్నారట?”

అతని చేతిలో గాజు పలక చిన్నగా కిర్రుమంది. “ఎవరన్నారు? వదినా?”

“ఎవరైతేనేం?”

“ఆ మాట నిజమే,” అన్నాడతను పలకను బల్ల మీద పెట్టి. “నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. ఆ సంగతి అన్నయ్యకీ తెలుసు. తెలిసే అనుకున్నాడు.”

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చాక వదిన చెవి దగ్గర గొణిగాడు. “చూశారా, కోపం ఉంది. కానీ కోపం ఇంటర్‌కమ్‌లోంచి రాదు.”

*

ఇల్లు వర్క్‌షాపు వెనకే. పనివాళ్ళందరితో కూడా మాట్లాడాక అక్కడికి వెళ్ళారు. తలుపుకు గంట లేదు. కొట్టడానికి జల్లెడ చెయ్యెత్తేలోగా లోపలి నుంచి చనిపోయినాయన భార్యే తలుపు తీసింది. అడుగులు చూసే తీసినట్టుంది. లోపల రేడియో లేదు, టీవీ శబ్దం లేదు, గోడ గడియారం కూడా ఆపేసి ఉంది.

కూర్చున్నారో లేదో జల్లెడ చేతిసంచిలో ఫోను మోగింది. భార్య ఉలిక్కిపడి లేచింది.

“ఆపండి! దయచేసి ముందు అది ఆపండి!”

జల్లెడ ఆపింది.

“మీ పాప నిద్రపోతోందా?” అని అడిగింది జల్లెడ.

“ఇంట్లో లేదు. అలవాటైపోయిందండీ.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇంట్లో ఫోన్లన్నీ మూగవే. నా ఫోను మోగి ఎన్ని నెలలైందో.”

“ఎందుకు?”

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాడు.

“ఆయన ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆయన జబ్బు మరిది జబ్బులాంటిది కాదట. నీళ్ళతో, పరుగుతో భయం లేదు. నిద్రలో ఉండగా ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే గుండె లయ తప్పుతుందట. పోయిన వారం కూడా కుర్చీలోంచి లేస్తూ కళ్ళు తిరిగి పడబోయానన్నారు. ఏం మోగిందో తెలీదన్నారు.”

ఇన్‌స్పెక్టర్ కిటికీ వదిలేసి ఇటు తిరిగాడు.

“ఈ సంగతి మీ మరిదికి తెలుసా?”

“తెలీదు. ఆయన నాకొక్కదానికే చెప్పారు.”

“మీరు ఎవరికీ చెప్పలేదు?”

“నేనెందుకు చెప్తాను?” జవాబు ప్రశ్నకంటే ముందే వచ్చినట్టుంది.

జల్లెడ ఆ మాట పట్టుకోలేదు. “పాపకి కూడా ఈ జబ్బుందేమోనని అనుమానమా?”

“పాప స్కూల్లో పరుగు పందెంలో పడిపోయింది. ఎండ దెబ్బ అన్నారు టీచర్లు. డాక్టరు మాత్రం పాప రక్తం, నా రక్తం తీసుకున్నాడు. ఇంకా ఏం చెప్పలేదు. ఉంటే వాళ్ళ నాన్నదే ఉంటుంది కదండీ! అందుకే ఇంట్లో చప్పుడు కానివ్వను. ఆడుకోవడానికీ ఈతకీ మాత్రం అడ్డం చెప్పను. పాపం, పదేళ్ళ పిల్ల, దాన్ని అన్నిటికీ కట్టేస్తే ఎలా?”

“ఇప్పుడెక్కడుంది?”

“ఈత క్లాసుకెళ్ళింది. నాన్న కోసం ఏడుస్తూ కూర్చుందని నేనే పంపాను.”

“ఎవరితో?”

“బాబాయితో. సెలవు రోజుల్లో తనే తీసుకెళ్తాడు. మీరు రావడానికి కొంచెం ముందే బయల్దేరారు.”

జల్లెడ నెమ్మదిగా లేచింది. వీధిలోకి వచ్చాక ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

“మరిదిగారూ, ఇందాక ఆ తమ్ముడేమన్నాడు?”

“వంశానికి నీళ్ళే గండం అన్నాడు.”

“అలా నమ్మేవాడు అన్న కూతుర్ని స్వయంగా తీసుకెళ్ళి ఈత కొలనులో దింపుతాడా?”

ఇన్‌స్పెక్టర్ నడక ఆగిపోయింది. టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“అన్న జబ్బు వేరే రకం అని తెలిసుండాలి,” అన్నాడు ఎట్టకేలకు.

“రకం తెలిసినవాడికి గంట సంగతీ తెలుసు.”

“ఇది ఊహ వదినా. కోర్టులో నిలవదు. మీ దూదీ నిలవదు.”

“అందుకే డాక్టరు దగ్గరికి పదండి. మీ జీపులో, నా ఊహతో.”

*

జన్యు డాక్టరు ముసలాయన. పాఠం చెప్పకుండా జవాబు చెప్పడం చేతకాని మనిషి. ఇన్‌స్పెక్టర్ “ఒకే ఇంట్లో ఒకే జబ్బు కదా” అనగానే తెల్లబోర్డు ముందుకు నడిచాడు.

“జబ్బు పేరు ఒకటే. తప్పులే వేరు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకోవడానికి లోపల కరెంటు నిండాలి. వీళ్ళకి అది నిండడం ఆలస్యం. ఆ కరెంటు దార్లు కట్టే జన్యువులు కొన్ని ఉన్నాయి. జన్యువంటే ఒక వాక్యం అనుకోండి. శరీరం దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది.”

బోర్డు మీద ‘మనము కలిసి వెళదాం’ అని రాశాడు.

“తమ్ముడిలో ఒక్క అక్షరం మారింది. పాలు తాగు అనాల్సిన చోట పాము తాగు అన్నట్టు. వాక్యం నిండుగానే ఉంటుంది, అర్థం మాత్రం ప్రాణం తీస్తుంది. ఇలాంటివాళ్ళకి ఒళ్ళు అలిసేటప్పుడు ప్రమాదం. ఈత మరీను. వాళ్ళ మేనత్తలోనూ అచ్చం అదే అక్షరం, అదే చోట. అంటే వాళ్ళ నాన్న వైపు నుంచి దిగింది.”

“మరి అన్న?”

“అన్నలో అది లేదు! అతనిది వేరే జన్యువు, తల్లి వైపు నుంచి వచ్చింది. అందులో అక్షరం మారలేదు, రాలిపోయింది.” డాక్టరు ‘ము’ తుడిచేసి, మిగిలినవాటిని మూడేసి చొప్పున మళ్ళీ రాశాడు. ‘మనక లిసివె ళదాం.’ “చూశారా? రాలింది ఒకటే. అక్కణ్ణుంచి చివరిదాకా అంతా గందరగోళం. కొంత దూరం వెళ్ళేసరికి మధ్యలోనే ఎక్కడో చుక్క పడుతుంది, వాక్యం ఆగిపోతుంది. చుక్క తప్పుచోట పడితే ఏమవుతుందో తెలుసా? మందు వేసుకోవద్దు అని రాయబోయి, మందు వేసుకో దగ్గర ఆపేసినట్టు. ఇంకొన్ని జబ్బుల్లో ఒకే మాట నత్తిలా పదేపదే…”

“డాక్టరుగారూ,” అంది జల్లెడ, “గంట.”

“ఆఁ, గంట. అన్నలాంటివాడు నిద్రలో ఉండగా చెవి దగ్గర గంట మోగితే గుండె లయ తప్పొచ్చు. ప్రతిసారీ తప్పదు. ఒకసారి ఉలిక్కిపడి లేస్తాడు, ఇంకోసారి కళ్ళు తిరుగుతాయి, మరోసారి లేవడు. మోగించేవాడికి ఓపిక ఉంటే చాలు.”

ఇన్‌స్పెక్టర్ ముఖం మాడింది. “ఈ సంగతి మీరెవరెవరికి చెప్పారు?”

“అతనికొక్కడికే. తలుపు వేసి. తమ్ముడికి తమ్ముడి సంగతే చెప్పాను. ఒకరి రక్తం ఇంకొకరికి చెప్పను నేను.” ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీశాడు. పాఠం చెప్పే గొంతు పోయింది. “ఇప్పుడు ఆ నియమం తప్పాలో వద్దో తెలియక పొద్దుట్నుంచీ కొట్టుకుంటున్నాను. ఆ తల్లికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు.”

“మూగ ఫోను,” అంది జల్లెడ. “పాప సంగతా?”

“ఈ జబ్బుకి అమ్మానాన్నల్లో ఒకరి నుంచి ఒక్క తప్పు వస్తే చాలు. బొమ్మా బొరుసా లాంటిది, సగానికి సగం. కొన్ని జబ్బుల్లో ఇద్దరి నుంచీ రావాలి, ఇది అలా కాదు. పాపలో వాళ్ళ నాన్న తప్పు లేదు. రాలిన అక్షరం లేదు.”

“అమ్మయ్య,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మారిన అక్షరం ఉంది.”

“తాతగారిదా?” ఇన్‌స్పెక్టర్ కనుబొమ్మలు ముడిచాడు. “తాత నుంచి మనవరాలికి వచ్చిందన్నమాట.”

“మధ్యలో తండ్రిని దాటి ఎలా వస్తుంది? తండ్రిలో లేనిది తండ్రి ఇవ్వలేడు. తల్లి రక్తం కూడా చూశాను, ఆమెలో లేదు. కొత్తగా పుట్టే తప్పులూ ఉంటాయి, కాదనను. కానీ మూడు వందల కోట్ల అక్షరాల్లో సరిగ్గా అదే చోట, సరిగ్గా అదే అక్షరం…” డాక్టరు తల అడ్డంగా ఊపాడు. “ఆ ఇంట్లో ఆ అక్షరం ఉన్న మగవాడు ఒక్కడే.”

జల్లెడ కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆమె అప్పటికే తలుపు దగ్గరుంది.

“మరిదిగారూ, జీపు! పాప నీళ్ళలో ఉంది!”

*

దారిలో ఈత కొలను ఆఫీసుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా లైను దొరకలేదు. తల్లిని తీసుకురమ్మని ఇన్‌స్పెక్టర్ ఒక కానిస్టేబుల్‌ను ఇంటికి పంపాడు. తర్వాత జీపు దిగేదాకా వదినతో వాదించలేదు. పెళ్ళైన నాటి నుంచి అదే మొదటిసారి.

కొలనులో పిల్లలు పోటీకి తయారవుతూ ఈ చివర నుంచి ఆ చివరకు ఈదుతున్నారు. పసుపు టోపీలు, ఎర్ర టోపీలు. కోచ్ అవతలి గట్టు మీద ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ చేతులూపుతూ అటు పరుగెత్తాడు.

తమ్ముడు నీటికి దూరంగా, గోడకు ఆనుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో పాప తువ్వాలు. జల్లెడ వెళ్ళి అతని ముందు నిలబడింది.

“పాపది ఏ టోపీ?”

“పసుపు. మూడో వరస. ఏమైందండీ?”

“వంశానికి నీళ్ళు గండం అన్నారు. వంశంలో పిల్లని తెచ్చి నీళ్ళలో దింపారేం?”

“అయ్యో, పాపకేం భయం లేదండీ. అన్నయ్యది వేరే…”

అక్కడ ఆగిపోయాడు.

“వేరే రకం,” అంది జల్లెడ. “డాక్టరు మీ అన్నయ్యకి తప్ప ఎవరికీ చెప్పని మాట. ఆ మాట తెలిసే దూది తీశారు. తెలిసే ఫోన్ చేశారు. తర్వాత పైకెళ్ళి కొత్త దూది కూరి, అప్పుడు కేకేశారు. కానీ పాపది మీ అన్నయ్య రకం కాదు. మీ రకం. అదే అక్షరం. ఇవాళే తెలిసింది.”

అతను ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. పదకొండేళ్ళ నాటి దేన్నో లోపల లెక్కగడుతున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత చూపు నెమ్మదిగా కొలను వైపు తిరిగింది.

అవతలి గట్టు మీద కోచ్ విజిల్ ఊదాడు. పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ తాళ్ళు పట్టుకుని ఆగారు. మూడో వరసలో పసుపు టోపీ తాడు పట్టుకోలేదు. బోర్లా తేలుతూ ఉంది.

జల్లెడ అరిచేలోగా తమ్ముడు బెంచీ దాటాడు. చెప్పులతో, చొక్కాతో, అలాగే దూకాడు. ఈత రాని మనిషి. నడుంలోతు దాటాక కాళ్ళు అందలేదు. అయినా చేతులతో నీళ్ళు కొట్టుకుంటూ ఎలాగో మూడో వరసదాకా వెళ్ళాడు, పాపను వెల్లకిలా తిప్పాడు, ముఖం నీటిపైకెత్తి పట్టుకున్నాడు. కోచ్ ఈదుకుంటూ వచ్చి పాపను అందుకునేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు. అందుకున్నాక అతని చేతులు జారిపోయాయి.

ఇద్దర్నీ పక్కపక్కనే సిమెంటు గట్టు మీద పడుకోబెట్టారు. కోచ్ పాప ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టాడు. ఆఫీసులోంచి గుండెకు షాకిచ్చే యంత్రం తెచ్చారు. ఒక షాకు, మళ్ళీ నొక్కడం. జల్లెడ పాప చెయ్యి పట్టుకుని నాడి కోసం వెతుకుతోంది. నాడి దొరికినట్టే ఉంది, దొరకనట్టూ ఉంది. అప్పుడు పాప దగ్గింది. నీళ్ళు కక్కింది, ఏడ్చింది. ఏడుపు వినగానే కోచ్ కూలబడ్డాడు.

యంత్రాన్ని వెంటనే తమ్ముడి దగ్గరికి జరిపారు. ఇన్‌స్పెక్టర్ టోపీ ఎక్కడో పడిపోయింది. అతను తమ్ముడి ఛాతీ నొక్కుతూ, చెమటలు కక్కుతూ, “చావకురా, నువ్వు నాకు జవాబు చెప్పాలి, చావకు,” అంటున్నాడు. రెండో షాకుకు ఆ ఛాతీ తనంతట తానే ఒకసారి పైకి లేచింది. ఊపిరి ఉంది. స్పృహ లేదు.

ఆ జవాబు ఏమిటో జల్లెడకూ కావాలి. డాక్టరు అన్నకొక్కడికే చెప్పాడు. అన్న భార్యకొక్కదానికే చెప్పాడు. మరి తమ్ముడికి ఎవరు చెప్పారు?

గేటు దగ్గర కానిస్టేబుల్ కనిపించాడు. అతని ముందు పాప తల్లి పరుగెత్తుకుంటూ వస్తోంది. వచ్చి, పాపను తువ్వాలుతో సహా గుండెకు హత్తుకుంది. తల నిమిరింది, ముద్దు పెట్టుకుంది, మళ్ళీ నిమిరింది. ఆ ఏడుపులో నటన లేదు. జల్లెడ ఆ ఒక్క విషయం ఖాయం చేసుకుంది.

తర్వాత ఆ తల్లి పాప తల మీదుగా, గట్టు మీద పడున్న మనిషి వైపు చూసింది. బతికాడా అని అడగలేదు. ఏమైందని అడగలేదు.

“ఏమైనా చెప్పాడా?” అంది చాలా మెల్లగా.

ఇన్‌స్పెక్టర్ తమ్ముడి నాడి మీంచి చెయ్యి తియ్యకుండానే తలెత్తి వదిన వైపు చూశాడు.

“చెప్పాడు,” అంది జల్లెడ. “అంతా చెప్పాడు.”

పాప తల నిమురుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.